‘డిష్’ అనే మాట: గంపలగూడెం నేపథ్యంలో పరభాషా ఛానళ్ల రాక – ఒక పరిశీలన

తిరువూరు రెవెన్యూ డివిజన్‌లోని గంపలగూడెం మండలం 2022 ఏప్రిల్ వరకు కృష్ణా జిల్లాలో ఉండేది. ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో భాగం. మండలం పొలిమేర దాటితే తెలంగాణలోని ఖమ్మం జిల్లా. రాష్ట్రం మారినా భాష మారదు. చిత్తూరు ప్రాంతానికి తమిళం, ఆదిలాబాదుకు మరాఠీ పొరుగు భాషలైనట్లు ఈ ప్రాంతానికి వేరొక పొరుగు భాష లేదు. ఉర్దూ మాట్లాడే కుటుంబాలను మినహాయిస్తే, ఇక్కడివారికి పరభాష బడి ద్వారానో, సినిమా ద్వారానో, రేడియో ద్వారానో చేరవలసిందే. తర్వాతి కాలంలో అది ఆకాశం నుంచి దిగింది. ఆ రాకను ‘డిష్’ అనే మాట నడిచిన దారి వెంట పరిశీలించవచ్చు.

ఉపగ్రహం తెలుగు పల్లెలకు మొదట తెచ్చినది పరభాషను కాదన్న సంగతి తరచు మరుగున పడుతుంది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు సాగిన ‘సైట్’ ప్రయోగంలో ఆరు రాష్ట్రాలకు చెందిన సుమారు 2,400 గ్రామాలకు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా నేరుగా ప్రసారాలు అందాయి. కోళ్ల గూళ్లకు వాడే ఇనుప వల వంటి వలతో చేసిన మూడు మీటర్ల గొడుగులను గ్రామాల్లో నిలిపి, ఊరందరికీ ఒకే టీవీ పెట్టారు. దృశ్యం ఒకటే అయినా దానితోపాటు రెండు ధ్వని మార్గాలు ఉండటం వల్ల, ఒకే బొమ్మను రెండు భాషల్లో వినిపించే వీలు కలిగింది. కర్నూలు, మహబూబ్‌నగర్ వంటి జిల్లాలకు ఈ అవకాశం దక్కింది కానీ కృష్ణా జిల్లా ఆ పథకంలో లేదు.

1982 ఆగస్టు 15న దూరదర్శన్ జాతీయ కార్యక్రమం ఆరంభమైంది. 1983లో ఇన్సాట్-1బి కక్ష్యలోకి చేరాక అది దేశమంతటా విస్తరించింది. డిష్ ట్రాన్స్‌మిటర్ కేంద్రంలో ఉండేది. ఇంటి కప్పు మీద ఉన్నది సాధారణ యాంటెన్నా మాత్రమే. ఈ దశలో సాయంత్రపు టీవీలో వినిపించిన పరభాష హిందీ.

ఇంగ్లీషు రాక వేరే కథ. 1984లో దారి తప్పిన వెస్టార్-6 అనే ఉపగ్రహాన్ని అమెరికా వ్యోమనౌక వెనక్కి తెచ్చింది. దానికే మరమ్మతు చేసి, 1990 ఏప్రిల్‌లో చైనా రాకెట్ మీద ఆసియాశాట్-1 పేరుతో మళ్లీ పంపారు. 1991లో హాంకాంగ్ నుంచి స్టార్ టీవీ దీనిని ఉపయోగించుకుంది. స్టార్ ప్లస్, బీబీసీ, ఎంటీవీ, ప్రైమ్ స్పోర్ట్స్, ఒక చైనీస్ ఛానల్ ఆ తొలి వరుసలోనివి. 1992 అక్టోబరులో జీ టీవీ చేరింది.

గంపలగూడెం సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.5 డిగ్రీల తూర్పు రేఖాంశాల వద్ద ఉంది. లెక్క వేస్తే, 105.5 డిగ్రీల తూర్పున నిలిచిన ఆసియాశాట్-1 కోసం ఇక్కడి డిష్‌ను ఆగ్నేయానికి తిప్పి, నేల నుంచి సుమారు 55 డిగ్రీలు ఎత్తి నిలపాలి. 74 డిగ్రీల వద్ద ఉన్న ఇన్సాట్-1బి కోసమైతే దక్షిణం నుంచి కాస్త నైరుతికి, మరింత నిటారుగా తిప్పాలి. అంటే ఆనాడు భాషకొక దిక్కు ఉండేది. సీ-బ్యాండ్ ప్రసారాలు చాలావరకు తాళం లేనివి కాబట్టి, గొడుగు తిప్పగలిగినవాడికి ఆకాశం తెరిచిన పుస్తకమే. అయితే ఎనిమిది నుంచి పన్నెండు అడుగుల గొడుగును కొని నిలపడం సామాన్య కుటుంబానికి సాధ్యమయ్యే పని కాదు. అది ఆపరేటరు డాబా మీదికి చేరింది. ఇంటికి వచ్చింది వైరు.

ఇక్కడే మాట తన అర్థాన్ని మార్చుకుంది. తెలుగు పల్లెల్లో ‘డిష్ పెట్టించారా’, ‘డిష్ బిల్లు’, ‘డిష్ అబ్బాయి’ అన్న ప్రయోగాలన్నీ ఈ వైరును ఉద్దేశించినవే. కళ్లకు కనిపించే కేబుల్‌ను వదిలి, ఎక్కడో ఉన్న గొడుగు పేరును ఇంటి కనెక్షన్‌కు పెట్టుకోవడం లక్షణార్థానికి చక్కని ఉదాహరణ. 1995 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల చట్టం కూడా డిష్‌ను ఆపరేటరు పరికరంగానే చూసింది. డిష్ యాంటెన్నా వాడే ఆపరేటరు కనీసం రెండు దూరదర్శన్ ఛానళ్లను విధిగా అందించాలని చెప్పింది. డీకోడర్ అవసరం లేకుండా అందే విదేశీ ఉపగ్రహ ఛానళ్ల కార్యక్రమాలకు మాత్రం అప్పట్లో కార్యక్రమ నియమావళి నుంచి మినహాయింపు ఇచ్చింది. ఏ భాష ఊరికి చేరాలన్నది ఆచరణలో ఆపరేటరు గొడుగుల సంఖ్యను బట్టి తేలేది. ప్రేక్షకులకు ఆ ఎంపికలో పాత్ర స్వల్పం. అదే సంవత్సరం జెమిని, ఈటీవీ రావడంతో ఉపగ్రహం మళ్లీ తెలుగు పలికింది.

డిష్ నిజంగా ఇంటికి వచ్చేసరికి దాని స్వభావం మారిపోయింది. కేయూ-బ్యాండ్ డీటీహెచ్‌కు 2000 నవంబరులో అనుమతి లభించింది. 2003లో డిష్ టీవీ, 2004 డిసెంబరులో దూరదర్శన్ ఉచిత సేవ, 2006లో టాటా స్కై మొదలయ్యాయి. గొడుగు రెండడుగులకు కుదించుకుపోయింది. కానీ ఆ చిన్న గొడుగును ఒకే ఉపగ్రహానికి గురిపెట్టి బిగిస్తారు. ఉచిత సేవను మినహాయిస్తే సంకేతం తాళంలో ఉంటుంది, తాళంచెవి కంపెనీ దగ్గర ఉంటుంది. అప్పట్లో 83 డిగ్రీల వద్ద ఉన్న ఇన్సాట్-4ఏ కోసం గంపలగూడెంలో దాదాపు నేరుగా దక్షిణానికి తిప్పిన గొడుగు ఇక కదలనక్కరలేకపోయింది. వాన ముదిరితే బొమ్మ ఆగుతుందన్న ఫిర్యాదు ఒక్కటే ఆకాశాన్ని గుర్తు చేస్తుంది. ఇంటికి సొంత గొడుగు లేని రోజుల్లో పరభాషలు అడగకుండానే వచ్చాయి. గొడుగు సొంతమయ్యాక అవి అడిగి తెచ్చుకోవలసినవయ్యాయి. 2019లో ట్రాయ్ కొత్త ధరల విధానంతో ప్రతి చెల్లింపు ఛానల్‌కూ విడి ధర ఏర్పడి ఈ మార్పు మరింత స్పష్టమైంది. విదేశీ ఛానళ్లు కొన్ని తెలుగు ధ్వనితో రావడం వల్ల, పరభాషను పరభాషగా వినవలసిన అవసరమూ తగ్గింది.

మాట మాత్రం పాత యజమానిని వదలలేదు. సొంత గొడుగున్న ఇంటివారు తమ కనెక్షన్‌ను కంపెనీ పేరుతో పిలుస్తారు. ఫైబరు తీగ మీద సంకేతం తెచ్చుకుని, డాబా మీద ఏ గొడుగూ లేని ఆపరేటరుకు నెలనెలా చెల్లించేది నేటికీ ‘డిష్ బిల్లు’.