నోటితో నొక్కే మీటలు

నోరు మంచిదైతే వూరు మంచిదవుతుందంటారు. వూరి సంగతి సరే, వస్తువుల మాటేమిటి? గోడతో ఎంత మర్యాదగా మాట్లాడినా అది పక్కకి జరగదు కదా! అయినా సరే, చెప్పిన మాట వినే వస్తువొకటి వుంటే బావుండునన్న ఆశ మనిషికి ఎప్పట్నించో వుంది. ఆలీబాబా కథలో గుహ తలుపు మాటకే తెరుచుకుంటుంది. కాని ఆ కథలోనే ఓ హెచ్చరిక కూడా వుంది. ఆలీబాబా అన్నగారు కాసిం లోపలికి వెళ్ళాడు, మూటలు కట్టుకున్నాడు, తీరా బయటికొచ్చే వేళకి ఆ ఒక్కమాటా మరిచిపోయాడు. నువ్వుల పేరు చెప్పాల్సినచోట మరేదో ధాన్యం పేరు చెప్పాడు. తలుపు తెరుచుకోలేదు. ప్రాణమే పోయింది. మాట వినే వస్తువుతో వచ్చే చిక్కే అది. దానికి మన మాటే కావాలి, మన మనసుతో దానికి పనిలేదు.

నోటిమాటతో కంప్యూటరు మీటలు నొక్కించడం ఎలా మొదలైందో చదువుతున్నంతసేపూ నాకా గుహే గుర్తుకొచ్చింది. ఇదేదో ఇంజనీర్ల గొడవ, మనకెందుకులే అని పేజీ తిప్పెయ్యకండి. ఇందులో చేతులు మొద్దుబారి బతుకుతెరువు పోతుందేమోనని హడలిపోయినవాళ్ళున్నారు. ఇంట్లోంచే కంపెనీ నడిపిన భార్యాభర్తలున్నారు. మన తెలుగువారూ ఒకరున్నారు.

నేనూ రాసుకు బతికేదాన్నే గనక ముందు ఒక నవలాకారుడి సంగతి చెబుతాను. అమెరికాలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడ్డ హెన్రీ జేమ్స్‌కి 1897 నాటికి కుడిచేతి మణికట్టు నొప్పి ముదిరింది. కలం పట్టుకోలేకపోయాడు. అంచేత టైపుమిషను ముందు ఒక మనిషిని కూచోబెట్టి, తను గదిలో పచార్లు చేస్తూ నవలలు చెప్పడం మొదలుపెట్టాడు. 1907 నించి ఆయన దగ్గర టైపు చేసిన థియోడొరా బొసాంకే అనే ఆవిడ ఆ అనుభవాలు చిన్న పుస్తకంగా రాసింది. రెమింగ్టన్ మిషను టకటక వినిపిస్తేనే ఆయనకి ఆలోచన సాగేదట, వేరే మిషను పెడితే ఇబ్బంది పడేవాడట. చేతులు ఆవిడవి, మాటలు ఆయనవి. ఆవిడ వేళ్ళు ఏమయ్యాయో అడిగినవాళ్ళు తక్కువే.

మనవాళ్ళకి ఇది కొత్తా? వ్యాసుడు చెబితే వినాయకుడు రాశాడు. తిక్కనగారు చెబితే గురునాథుడు రాశాడు. ఆ గురునాథుడి గురించి ఓ ముచ్చట చెప్పుకుంటారు. తిక్కనగారికి ఒకచోట పద్యం నడవక, ఏం చెప్పమంటావోయ్ అని గురునాథుణ్ణి పేరుపెట్టి పిలిచారట. ఆయన అది కూడా పద్యంలో భాగమేననుకుని రాసేసుకున్నాడట. సంధి కలిసి ఆ పిలుపు 'కురునాథా' అని ధృతరాష్ట్రుణ్ణి పిలిచినట్టు చక్కగా అమిరిపోయిందట! నిజమో కథో గాని, ఎన్నో ఏళ్ళుగా కంప్యూటరు పండితుల్ని తినేస్తున్న ప్రశ్న అదే. చెబుతున్నది రాసుకోవలసిన మాటా? లేక నన్ను పిలిచి పురమాయించిన పనా?

కథలోకి వద్దాం. 1952లో అమెరికాలోని బెల్ పరిశోధనాలయంలో 'ఆడ్రీ' అనే యంత్రాన్ని తయారుచేశారు. పేరు ఆడపిల్లదే గాని రూపం మటుకు ఆరడుగుల ఇనప బీరువా. సున్నా నించి తొమ్మిదిదాకా అంకెలు వింటే గుర్తుపట్టేది. అదీ అలవాటైన గొంతయితేనే, అంకెకీ అంకెకీ మధ్య కాస్త ఆగి చెబితేనే.

పదేళ్ళ తర్వాత, 1962లో, సియాటిల్ ప్రపంచ ప్రదర్శనలో ఐబీఎం వారు 'షూబాక్స్' అనే పెట్టెను చూపించారు. విలియం డెర్ష్ అనే ఇంజనీరు కట్టింది. చెప్పుల పెట్టెంత వుంటుంది గనక ఆ పేరు. దానికి వచ్చిన మాటలు పదహారు. పది అంకెలూ, కూడు, తీసెయ్, మొత్తం లాంటి ఆరు ఆజ్ఞలూ. మైకులో లెక్క చెబితే పక్కనున్న కూడికల మిషను లెక్కకట్టి కాగితం మీద జవాబు అచ్చువేసేది. నా దృష్టిలో మన కథకి అసలు మొదలు ఇదే. ఆడ్రీ విని వూరుకుంది. షూబాక్స్ విన్నదాన్ని ఇంకో మిషను చేత చేయించింది. వేలు చెయ్యాల్సిన పని మొదటిసారి నోరు చేసింది.

ఇక మనవారి సంగతి. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన దబ్బాల రాజగోపాలరెడ్డిగారు గిండీలో ఇంజనీరింగు చదివి, ఆస్ట్రేలియా మీదుగా అమెరికా చేరి, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేటు పుచ్చుకున్నారు. లోకం ఆయన్ని రాజ్ రెడ్డి అంటుంది. కంప్యూటరుకి మాట వినిపించడమే ఆయన ఎంచుకున్న పని. 1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. ఆయన బృందం 1973లో చేసిన 'హియర్సే' నోటితో చెప్పిన చదరంగం ఎత్తుల్ని అర్థం చేసుకునేది. ఎలాగనుకున్నారు? చెవి ఒక్కదాన్నే నమ్ముకోలేదు. ఆ క్షణంలో ఆ బల్ల మీద ఏ ఎత్తులు సాధ్యమో చూసుకుని, విన్నది వాటిలో దేనికి దగ్గరగా వుందో పోల్చుకునేది. పక్కగదిలోంచి వినీ వినపడని మాటని సందర్భాన్ని బట్టి పోల్చుకునే ఇల్లాలి తెలివే అది. 1976 నాటికి అక్కడే 'హార్పీ' వెయ్యిన్నీ పదకొండు మాటలు గుర్తుపట్టింది. 1994లో రెడ్డిగారికి ట్యూరింగ్ బహుమానం వచ్చింది. ఆసియావాళ్ళలో అది అందుకున్న మొదటివారు ఆయనే.

ఆయన దగ్గర డాక్టరేటు చేసిన జేమ్స్ బేకరూ, ఆయన భార్య జానెట్ బేకరూ 1982లో మసాచుసెట్స్‌లో తమ ఇంట్లోనే 'డ్రాగన్ సిస్టమ్స్' అనే కంపెనీ పెట్టుకున్నారు. 1990లో వారి 'డ్రాగన్ డిక్టేట్' బజారుకొచ్చింది. వెల దగ్గర దగ్గర తొమ్మిదివేల డాలర్లు! అంత పోసి కొన్నా మాటకీ మాటకీ మధ్య ఆగాల్సిందే. మనం, మాట్లాడే, విధంగా, కాకుండా, ఇలా, అన్నమాట. గంటలకొద్దీ అలా విరిచి విరిచి పలికి గొంతు చెడగొట్టుకున్నవాళ్ళున్నారు. వేళ్ళని రక్షించుకోబోయి గొంతు పోగొట్టుకోవడం! చివరికి 1997లో 'నేచురల్లీ స్పీకింగ్' వచ్చాక గాని మామూలుగా గడగడా మాట్లాడే వీలు కలగలేదు. ఆ దంపతుల కథ మటుకు సుఖాంతం కాలేదు. 2000లో కంపెనీని ఒక బెల్జియం సంస్థకి 58 కోట్ల డాలర్ల విలువకి, రొక్కంగా కాక వాటాలుగా పుచ్చుకుని, అమ్మారు. ఆ ఏడు తిరక్కుండానే ఆ సంస్థ దొంగలెక్కలు బయటపడి దివాలా తీసింది. వాటాలు చిత్తుకాగితాలయ్యాయి. ఇరవై ఏళ్ళ కష్టంతో పెంచిన డ్రాగన్ మరొకరి గుమ్మంలో కట్టివెయ్యబడింది.

ఇప్పుడు అసలు విద్యకి వద్దాం. చెప్పింది రాయడంతో కంప్యూటరు పని తీరదు. దాచాలి, వెతకాలి, ఒక కాగితం మూసి ఇంకోటి తెరవాలి. వీటన్నిటికీ మీటలు నొక్కాలి. ఒక్కో పనికి నాలుగైదు మీటలు. అందుకని పుట్టిందే మాటకి కట్టిన స్క్రిప్టు. మాక్రో అని కూడా అంటారు. పేరు కొత్తదేమో గాని సంగతి మన ఇళ్ళల్లో పాతదే. ముందుగదిలోంచి 'కాఫీ!' అని ఒక్క కేక వినిపిస్తుంది. రెండే అక్షరాలు. ఆ రెండక్షరాలకీ వంటింట్లో ఏం జరుగుతుందో మీకు నేను చెప్పాలా? స్టవ్వు వెలగాలి, పాలు కాగాలి, డికాషను దిగాలి, పంచదార పడాలి, పైకీ కిందకీ తిరగబొయ్యాలి, గ్లాసు ఆయన చేతి దగ్గరికి వెళ్ళాలి. కేక వేసినవారికి తను ఆరు పనులు పురమాయించినట్టు తెలియనే తెలియదు. స్క్రిప్టు అంటే అంతే. ఒక మాట, దాని వెనక వరసగా పనులు.

ఆ పనుల్ని చేయించే ఆజ్ఞ పేరు 'సెండ్ కీస్'. మీటలు పంపు అని అర్థం. మైక్రోసాఫ్టు వారి విజువల్ బేసిక్‌లోనూ వుంది, డ్రాగన్ స్క్రిప్టులోనూ వుంది. మనం నిజంగా మీట నొక్కినప్పుడు కీబోర్డు నించి కంప్యూటరుకి 'ఫలానా మీట కిందికి దిగింది, ఫలానా మీట పైకి లేచింది' అని కబురు వెళుతుంది. సెండ్ కీస్ ఆ కబురునే వేలు లేకుండా పుట్టిస్తుంది. ఎంటర్ అనే మాటని ఫ్లవర్ బ్రాకెట్లలో పెడితే ఎంటర్ నొక్కినట్టే. ఉత్తరం రాసే ప్రోగ్రాముకి నొక్కింది వేలా నోరా అన్నది తెలీదు, తెలుసుకోవాలన్న కుతూహలమూ లేదు.

ఇందులో తిప్పలు కూడా వంటింటి తిప్పలే. మొదటిది ఓపిక. పాలు కాగకముందే డికాషను పోస్తే ఏమవుతుంది? అలాగే కిటికీ తెరుచుకోకముందే మీటలు వచ్చి పడితే అవి గాలిలో కలిసిపోతాయి. అందుకని స్క్రిప్టులో మధ్యమధ్య 'కాస్త ఆగు' అని రాసుకోవాలి. రెండోది గమ్యం. సెండ్ కీస్ పంపిన మీటలు ఆ క్షణంలో తెర మీద ఏ కిటికీ ముందుంటే దానికే చేరతాయి. ఆయన కుర్చీలో చుట్టం కూచుంటే కాఫీ చుట్టానికే! మూడోది వదిలిపెట్టడం. షిఫ్టు మీటని కిందికి దించమని చెప్పి, పైకి లేపమని చెప్పడం మరిచిపోతే ఆపైన ప్రతి అక్షరమూ అరిచినట్టు పెద్దక్షరాల్లో పడుతుంది.

నాలుగోదే గురునాథుడి చిక్కు. 2006 జులైలో మైక్రోసాఫ్టు వారు తమ కొత్త విండోస్ విస్టా మాట ఎలా వింటుందో పెద్దల సభలో ప్రదర్శించారు. 'ప్రియమైన అమ్మకి' అని ఇంగ్లీషులో చెబితే అమ్మకి బదులు అత్త అని పడింది. ఏ కోడలు వూరుకుంటుంది చెప్పండి! పాపం ఆ ప్రదర్శకుడు దిద్దమన్నాడు, చెరిపెయ్యమన్నాడు. ఆ ఆజ్ఞలన్నీ కూడా ఉత్తరంలో మాటలై కూచున్నాయి. సభంతా గొల్లుమంది. శబ్దం కొలిచేచోట లోపం వుందని తర్వాత చెప్పుకున్నారు. 2007 మొదట్లో మరో తమాషా బయటపడింది. కంప్యూటరు స్పీకర్లోంచి వచ్చే గొంతు ఆజ్ఞలిస్తే ఆ కంప్యూటరే విని పాటించగలదట! అత్తవారింట రేడియో పెత్తనం చేసినట్టుంది.

ఈ చిక్కులన్నీ విప్పింది ఎక్కువగా పెద్ద కంపెనీలు కావు, అవసరం పడ్డ మనుషులు. 1999లో డ్రాగన్‌లో పనిచేసే జోయెల్ గూల్డ్ 'నాట్‌లింక్' అనే వంతెన కట్టి, ఎవరి ఆజ్ఞల్ని వారే పైథాన్ భాషలో రాసుకునే దారి చూపాడు. దాని మీద వొకోలా, డ్రాగన్‌ఫ్లై లాంటివి లేచాయి. 2013లో టావిస్ రడ్ అనే ప్రోగ్రామరు ఒక సభలో నిలబడి నోటితోనే ప్రోగ్రాము రాసి చూపించాడు. అంతకు ముందు రెండేళ్ళ కిందట కీబోర్డు వాడి వాడి చేతులు మొద్దుబారి, పని చెయ్యలేని స్థితికొచ్చాడాయన. వేరే గతిలేక నెలల తరబడి తన మాటలు తనే కట్టుకున్నాడు. ఎంటర్ మీటకి ఆయన పెట్టుకున్న మాట 'స్లాప్'. చెంపదెబ్బ! చేత్తో కంటే నోటితోనే వేగంగా రాయగలుగుతున్నానన్నాడు.

ఎంచుకునే మాటల్లోనే వుంది కిటుకు. మామూలు సంభాషణలో వచ్చే మాట పెట్టుకుంటే ప్రమాదం. మరీ పొట్టిదైతే ఇంకోదానిలా వినిపిస్తుంది. 'టాలన్' అనే నేటి ప్రోగ్రాములో అక్షరమాలనే మార్చేశారు. ఏ అంటే ఎయిర్, బి అంటే బ్యాట్, సి అంటే క్యాప్. ఒక్క దెబ్బలో పలకాలి, ఒకదానికొకటి పోలకూడదు. పిల్లలకి పేర్లు పెట్టేటప్పుడు కూడా ఇంత ఆలోచించం.

2019 నించి ఆపిల్ కంప్యూటర్లలో 'వాయిస్ కంట్రోల్' వుంది. విండోస్ 11లో 2024 సెప్టెంబరుకి పాత పద్ధతి పోయి 'వాయిస్ యాక్సెస్' వచ్చింది. 2017లో గూగుల్ వారు తెలుగు మాట విని తెలుగులో రాసే వీలు కల్పించారు. తొమ్మిదివేల డాలర్ల విద్యలో రాసే సగం మన చేతిలోని ఫోనుకే వచ్చేసింది. చెయ్యి నొప్పి పుట్టిన రోజున నాలాంటిదానికి అదెంత వూరటో మీరు వూహించుకోగలరు.

ఇన్నాళ్ళూ ఒకరి నోటికి మరొకరు వేళ్ళవుతూ వచ్చారు. బొసాంకే అయింది, గురునాథుడయ్యాడు. ఇప్పుడు చెయ్యి ఆడని మనిషి ఏ మాటకి ఏ పని జరగాలో తనే నిర్ణయించుకుని, మరో మనిషి వేళ్ళని అరువడగకుండా తన పని తను చేసుకోగలదు. నాకీ చరిత్రలో నచ్చింది అదే. ఇక ముందుగదిలోంచి వచ్చే కాఫీ కేక సంగతంటారా? అక్కడ మాత్రం స్క్రిప్టు రాసేవారు ఇంకా మారలేదు, మీటలు ఇంకా మనమే!