పట్టా ఉన్నచోట ఇల్లు కట్టకూడదు, ఇల్లున్నచోట పట్టా లేదు

కొంచెం పెద్ద పోస్టు. తీరిగ్గా చదవండి, మీ ఇంటి సంగతే ఇది.

మా చిన్నాయన కొడుకు చీనీ తోటలో బోరు పక్కన ఒక గది కట్టుకోవాలనుకున్నాడు. 12 అడుగులకు 14 అడుగులు, అంతే. రాత్రి కరెంటు వచ్చినప్పుడు మోటరు దగ్గర పడుకోవడానికి. అప్పుకు బ్యాంకుకు పోతే, "ఇది సాగుభూమి, ఇంటి అప్పు రాదు. ఊళ్లో ఇల్లు తాకట్టు పెట్టు" అన్నారు. ఇంటి కాగితాలు తీసుకపోతే, "ఇది గ్రామకంఠం కదా, పట్టా ఏదీ?" అన్నారు. నాలుగు తరాల మిద్దె అది. వాడు ఇంటికొచ్చి, "అన్నా, ఇన్నాళ్లూ మనం ఎవరి జాగాలో ఉన్నట్టు?" అని అడిగినాడు.

ఆ ప్రశ్నకు జవాబు రెండు వందల ఏళ్ల వెనక ఉంది.

1800లో మన సీమ జిల్లాలు కుంపిణీ చేతికి పోయినాయి. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. జమీందారు మధ్యలో లేకుండా రైతు నేరుగా సర్కారుకు శిస్తు కట్టే రైత్వారీ పద్ధతిని ఇక్కడ నిలబెట్టింది ఆయనే. ఏ చేను ఎవరిది, ఎంత శిస్తు అన్నది లెక్క రాసినారు. తర్వాత వచ్చిన సర్వేలు ఆ లెక్కను గట్లతో, నంబర్లతో గట్టి చేసినాయి.

ఇక్కడ గమనించండి. ఆ కొలతలన్నీ శిస్తు కోసం. ఊరి ఇళ్ల జాగాకు శిస్తు లేదు. శిస్తు లేని జాగాను ఇల్లిల్లూ కొలిచే పని వాళ్లకేముంది? ఊరంతటికీ కలిపి ఒక నంబరు వేసి "గ్రామకంఠం" అని రాసి వదిలేసినారు. తెలంగాణలో ఆబాది అంటారు. పన్ను లేదు కాబట్టి పట్టా లేదు. అంతేగానీ, మన తాతలు ఆక్రమించుకోని కూర్చున్నందుకు కాదు.

ఇది నా సొంత మాట కాదు. 1905లో మద్రాసు సర్కారు భూ ఆక్రమణల చట్టం తెచ్చింది. రోడ్లు, వాగులు, ఎవరి పేరూ లేని భూములు సర్కారువే అన్నది దాని సారం. అంత గట్టి చట్టం కూడా గుడి జాగాను, సొంతంగా అనుభవిస్తున్న ఇంటి జాగాను, పెరడును పక్కన పెట్టింది. తెల్లదొరే మన ఇంటి జోలికి రాలేదు.

మరి చిక్కు ఎక్కడ వచ్చింది? ఎవరి ఇల్లు ఏదో కరణానికి నోటికి తెలుసు. 1984లో కరణాల పద్ధతి రద్దయింది. మంచికే అయింది, కానీ ఆ నోటి లెక్క కాగితం మీదికి రాలేదు. 2007లో రిజిస్ట్రేషన్ చట్టంలో 22-ఎ వచ్చింది. సర్కారు భూములు అమ్ముడుపోకుండా ఆపడానికి పెట్టిన ఆ జాబితాల్లో ఎన్నో ఊళ్ల గ్రామకంఠాలు చేరిపోయినాయి. గ్రామకంఠంలో ఇంటి జాగా సర్కారుది కాదని హైకోర్టు చెప్పాల్సి వచ్చింది.

ఇక చేను సంగతి. దానికి పట్టా ఉంది, పాసుపుస్తకం ఉంది. కానీ సాగు కాకుండా ఇంకోదానికి వాడితే వేరే లెక్క. మనం "నాలా" అంటామే, అది 1963 నాటి నాన్ అగ్రికల్చరల్ ల్యాండ్స్ అసెస్‌మెంట్ చట్టం పొట్టిపేరు. అప్పుడు ఏటా పన్ను. 2006లో దాన్ని తీసేసి, భూమి మార్పిడికి ఒకేసారి రుసుము పెట్టినారు. చట్టం మారినా పేరు నాలాగానే ఉండిపోయింది. 2025లో మన ఆంధ్రలో ఆ 2006 చట్టాన్నీ రద్దు చేసి, అభివృద్ధి రుసుము పద్ధతికి మారినారు. దాంతోపాటు పంచాయతీ అనుమతి ఒకటి. వందల ప్లాట్ల వెంచరును అదుపు చేయాలని రాసిన రూళ్లు కావలి గదికీ అడ్డం పడతాయి.

2020 ఏప్రిల్ 24న కేంద్రం స్వామిత్వ పథకం మొదలుపెట్టింది. డ్రోన్లతో ఊరి ఇళ్లను కొలిచి ఆస్తి కార్డులు ఇవ్వడం దాని పని. రెండు వందల ఏళ్ల కింద వదిలేసిన కొలత ఇప్పుడు జరుగుతోంది.

అందుకే చెప్తున్నా. కొలతకు వచ్చిన రోజు ఇంటి దగ్గర ఉండండి. అన్నదమ్ముల గోడ ఎక్కడో అందరి ముందరే చూపించండి. పాత ఇంటిపన్ను రశీదులు, కరెంటు బిల్లులు, భాగపరిష్కారం కాగితాలు పారేయొద్దు. చెదలు పట్టకుండా ఒక కవర్లో పెట్టండి. పంచాయతీ డిమాండు రిజిస్టర్లో చనిపోయిన తాత పేరే ఉంటే ఇప్పుడే మార్పించుకోండి. చేలో గది కట్టే ముందు సచివాలయంలో అడిగి, అనుమతి కాగితం మీద తీసుకోండి, నోటి మాట నమ్మొద్దు.

మా తమ్మునికి నేను చెప్పింది ఒకటే. "నువ్వు ఉన్నది నీ జాగాలోనేరా. రాసుకోవడం మర్చిపోయింది వాళ్లు. రాయించుకోవాల్సింది మాత్రం మనం."

మీ ఊళ్లో కొలతలు అయినాయా? కార్డులో తప్పులు వస్తే ఎట్ల సరిచేయించుకున్నారో రాయండి, పదిమందికి పనికొస్తుంది.