శ్రీరంగాపురం గుళ్లో వనపర్తి మనవరాలు

పెబ్బేరు దాటి శ్రీరంగాపురం చేరుకోగానే కళ్లు గాలిగోపురం మీద పడతాయి. పక్కనే రత్నపుష్కరిణి, లోపల రంగనాయకస్వామి. వనపర్తి సంస్థానాధీశులు కట్టించిన గుడి ఇది. శ్రీరంగం చూసొచ్చిన రాజు అలాంటి కోవెల తన గడ్డ మీదా వెలవాలని తపించాడని, స్వామి కలలో కనిపించి విగ్రహం ఉన్న చోటు చెప్పాడని స్థలపురాణం. 2024 మార్చిలో ఈ గుళ్లో ఒక నిశ్చితార్థం జరిగింది. సెప్టెంబరులో ఇక్కడే పెళ్లి. వరుడు నటుడు సిద్ధార్థ్, వధువు అదితీరావు హైదరీ.

సినిమావాళ్ల పెళ్లికి ఇంత దూరం ఎందుకని చాలామంది అనుకున్నారు. పాలమూరు వాళ్లకు ఆ సందేహం రాలేదు. అదితి వనపర్తి ఇంటి ఆడపడుచు బిడ్డ.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలోని కొల్లాపురం ఒకదానికొకటి కూతవేటు దూరంలో వెలిగిన సంస్థానాలు. పండితులను నెత్తిన పెట్టుకున్న గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అని పేరొచ్చింది. వనపర్తి రాజులకు ఆఫ్రికా సిద్దీలతో కూడిన అశ్వికదళం ఉండేది. అది తర్వాత నిజాం కొలువులో చేరింది. హైదరాబాద్‌లోని ఏసీ (ఆఫ్రికన్ కావల్రీ) గార్డ్స్ ప్రాంతం పేరు దాని గుర్తే. చివరి రాజా జె. రామేశ్వరరావు ఆఫ్రికాలో భారత దౌత్యవేత్తగా పనిచేశారు, మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు వెళ్లారు, ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థను నడిపారు. వనపర్తి కోట పాలిటెక్నిక్ అయింది. రాజులు కొలువుదీరిన చోట పిల్లలు డ్రాయింగ్ బోర్డులు పెట్టుకున్నారు.

రామేశ్వరరావు భార్య శాంత రచయిత్రి, హైదరాబాద్‌లో విద్యారణ్య పాఠశాలను స్థాపించారు. వారి కూతురు విద్యారావు పేరున్న ఠుమ్రీ గాయని. విద్యారావు కూతురే అదితి. తండ్రి వైపు ముత్తాత సర్ అక్బర్ హైదరీ, హైదరాబాద్ రాజ్య ప్రధాని.

ఆ ఇంట్లో పుట్టిన పిల్ల చిన్నప్పుడే నాట్యగురువు లీలా శాంసన్ దగ్గర భరతనాట్యం మొదలుపెట్టింది. గురువు బృందంతో వేదికలెక్కింది. సినిమా అవకాశం కూడా నాట్యం వల్లే వచ్చింది. తమిళ చిత్రం ‘శృంగారం’లో 1920ల నాటి దేవదాసి మధుర పాత్ర ఆమెది. లాల్గుడి జయరామన్ సంగీతానికి, మధు అంబాట్ ఛాయాగ్రహణానికి, సరోజ్ ఖాన్ నృత్యాలకు జాతీయ పురస్కారాలు తెచ్చిన సినిమా అది. ఆ తర్వాత ‘ఢిల్లీ 6’, ‘రాక్‌స్టార్’, మణిరత్నం ‘కాట్రు వెళియిడై’, ‘పద్మావత్’ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి.

తెలుగు తెర ఆమెను 2018లో పిలిచింది. మోహనకృష్ణ ఇంద్రగంటి తీసిన ‘సమ్మోహనం’లో ఆమె సమీర, ఉత్తరాది నుంచి వచ్చిన సినీనటి. తెలుగు పలకడం రాక, పిల్లల పుస్తకాలకు బొమ్మలు గీసే కుర్రాడి దగ్గర మాటలు దిద్దించుకుంటుంది. వనపర్తి రాజా మనవరాలు తెరమీద ఒక్కో తెలుగు మాటను కూడబలుక్కుంటుంటే, తప్పిపోయిన పిల్ల ఇల్లు వెతుక్కుంటూ వస్తున్నట్టే తోచింది నాకు.

ఆరేళ్లకు ‘హీరామండీ’ వెబ్ సిరీస్ వచ్చింది. అందులో ఆమె లాహోర్ వేశ్యావాటికలోని బిబ్బోజాన్, స్వాతంత్ర్య పోరాటానికి రహస్యంగా సాయపడే తవాయిఫ్, అంటే ఆడిపాడే కళావంతురాలు. ఠుమ్రీ వినబడుతుంటే ఆమె వీపు మనవైపు తిప్పి, నడుము ఒక్కో అడుగుకూ మెల్లగా ఊపుతూ గజగమనంతో నడుస్తుంది. ఉన్నట్టుండి ఆగి, మెడ ఒకింత వెనక్కి తిప్పి చూస్తుంది. దేశమంతా ఆ నడకను అనుకరించింది. నాకు మాత్రం అందులో లీలా శాంసన్ తరగతి గది కనిపించింది, విద్యారావు ఇంటి రాగం వినిపించింది.

మధుర దేవదాసి, బిబ్బోజాన్ తవాయిఫ్. గుళ్లలో, కొలువుల్లో కళను కాపాడింది అలాంటి స్త్రీలే. కాలం మారాక లోకం వాళ్లను వెలివేసి, వాళ్ల పాటను, ఆటను మాత్రం ఉంచుకుంది. పల్లకీ ఎక్కిన వంశంలో పుట్టిన అమ్మాయి, ఆ పల్లకీల ముందు ఆడిన వాళ్ల మనసును తన ఒంట్లోకి తెచ్చుకుంది. ఆమె వేసిన పాత్రలన్నిటిలో ఈ రెంటికీ నేను చేతులెత్తి మొక్కుతాను. సంస్థానాలు ఆ కళాకారిణులకు పడిన బాకీలో కొంతైనా ఇలా తీరింది.

పెళ్లికి అమ్మ పుట్టింటి దేవుణ్ణి వెతుక్కుంటూ వచ్చింది అదితి. ఇంకొక్కసారి రావాలి. రంగనాయకుడి మండపంలో ఒక సాయంత్రం గజ్జె కట్టాలి. శ్రీరంగాపురం ఆడపిల్లలు ముందు వరుసలో కూర్చుని చూడాలి.