దూరము నుండి చూచుట



1985 వ సంవత్సరమున, నేను క్రొత్తగా ఉపాధ్యాయుడనై యున్నప్పుడు, తరగతి గోడకు తగిలించుటకై కొంగల ఛాయాపటము కావలెనని కోరి, కెమెరా గల మిత్రునొకనిని చెఱువునకు పంపితిని. అది సామాన్యమైన కెమెరా. ఇరువది బారల దూరమున కొంగ గోరంతగా కనబడుటచే అతడు మొలలోతు నీటిలో దిగి గూళ్ళ చెంతకు పోయెను. పక్షులన్నియు ఒక్కుమ్మడి లేచిపోయినవి. అవి తిరిగి వచ్చులోపల కాకులు వ్రాలి గ్రుడ్లను పొడిచివేసినవి. ఆ పటము నేటికిని నాయొద్ద నున్నది. అందు కొంగ లేదు. పంపినవాడను నేనే కనుక మిత్రుని దూషింపజాలను. ఆ మనస్తాపము వలననే ఈ విద్య యొక్క చరిత్రను చదువ నారంభించితిని.

దూరవస్తువును పెద్దదిగా చిత్రించు టెలిఫోటో కటకమును 1891 లో లండనున డాల్‌మేయరు, బెర్లినున మీతే, మ్యూనికున స్టైన్‌హైలు అనువారు మువ్వురును వేఱువేఱుగా కనిపెట్టిరి. ముందు కుంభాకార కటకము, వెనుక పుటాకార కటకము. ఇంతియే దాని మర్మము. గొట్టము పొట్టిదయ్యును పొడుగుదాని పని చేయును. కాని ఆనాటి గాజుపలకలకు పటము పట్టుటకు చాల సేపు కావలెను; ఈ కటకమో వెలుతురును తక్కువగా పోనిచ్చును. కొండయు గోపురమును కదలక నిలుచును గాని లేడి నిలుచునా?

కావున మనుష్యుడే మృగము కడకు పోవలసివచ్చెను. ఇంగ్లండున కేర్టన్ సోదరులు 1900 ప్రాంతమున ఎద్దుతోలుతో బోలుబొమ్మ చేసి, దాని కడుపులో కెమెరాతో దాగి పక్షులను చిత్రించిరి. ఒకనాడు లోపలి మనిషితో కూడ ఆ యెద్దు వెల్లకిల పడెనట! ఎద్దుచాటున నక్కుట మన వేటగాండ్రకును క్రొత్త గాదు. శివాలిక్ అడవులలో అటవీశాఖాధికారియగు చాంపియను పులి నడచు బాటకు అడ్డముగా తీగ కట్టెను. కాలు తగిలిన తోడనే మెఱుపుదీపము వెలిగి, పులి తన పటమును తానే తీసికొనెడిది. 1927 లో ఆ పటములతో ఆయన గ్రంథము వెలువడినది. పులిని చంపుటయే ఘనతగా నున్న కాలమున తుపాకి విడిచి కెమెరా పట్టిన ఆ మహనీయుని నేను గౌరవింతును. అయినను, చీకటిలో కన్నుల కెదుట మెఱుపు మెఱసినప్పుడు ఆ పులి ఎంత బెదరెనో యని తలపక మానను.

చుఱుకైన ఫిల్ములును, తర్వాత ఎలెక్ట్రానిక్ కెమెరాలును వచ్చిన పిదపనే దూరకటకమునకు మంచిదినములు వచ్చినవి. దానికి తోడు టెలికన్వర్టరు. ఇది కెమెరాకును కటకమునకును నడుమ బిగించు పుటాకార కటకముల కూర్పు. 1834 ప్రాంతమున బార్లో అను ఆంగ్లేయ గణితజ్ఞుడు దూరదర్శినిలో ఇట్టి కటకమునే అమర్చెను. రెండింతల కన్వర్టరు 300 మిల్లీమీటర్ల కటకమును 600 గా చేయును. కాని ఒక మడి నీటిని నాలుగు మళ్ళకు పాఱించినట్లు, వెలుతురు నాలుగింతల వైశాల్యమున పఱచుకొని, ఒక్కొక్కచోట నాలుగవవంతే మిగులును. కటకమునందలి దోషమును గూడ పెంచి చూపును. మిట్టమధ్యాహ్నపు ఎండమావులలో నెంత గొప్ప కటకమును పనికిరాదు.

గడచిన పుష్యమాసమున నా పూర్వశిష్యుడొకడు నన్ను నెల్లూరు సీమలోని నేలపట్టునకు తోడ్కొనిపోయెను. అతని కెమెరాలో కన్ను పెట్టి చూచితిని. గూడబాతు నోరు తెఱచియున్నది. పిల్ల దాని సంచిలో తల దూర్చి తినుచున్నది. మేమున్న సంగతి ఆ రెంటికిని పట్టలేదు. ప్రొద్దు వాలి వెలుతురు చాలకపోగా, అతడు కన్వర్టరును విప్పి సంచిలో పెట్టెను. పక్షి చిన్నదైపోయినది. ఇంకను దగ్గఱకు పోదమా యని అతడును అడుగలేదు, నేనును అడుగలేదు.