పాత అంగీ, నిజాం గారు

మరిపెడలో ఇంటికి చేరగానే నేను చేసే మొదటి పని ఇంజనీరింగ్ నాటి అంగీ, వెలిసిన లుంగీ వెతుక్కోవడం. కాలర్ చిరిగింది, రెండు గుండీలు లేవు. అయినా ఆ మెత్తదనం ఏ షోరూంలో దొరుకుతుంది చెప్పండి? "ఇంకెన్నేండ్లు తొడుగుతవ్ రా, ఇటియ్యి బొంతల కుడ్త" అంటుంది అమ్మ.

ఇందులో నాకు తోడు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ప్రపంచంలోకెల్లా ధనవంతుడని 1937 ఫిబ్రవరి 22న టైమ్ పత్రిక ఆయన్ని ముఖచిత్రంగా వేసింది. ఆయనేమో కింగ్ కోఠీలో నలిగిన పైజామా, మాసిన టోపీతో గడిపేవాడు. తండ్రి మహబూబ్ అలీ పాషా మాత్రం ఒకసారి వేసిన బట్ట మళ్ళీ వేసేవాడు కాదట. ఆయన బట్టల కోసం చేయించిన రెండంతస్తుల చెక్క బీరువా పురానీ హవేలీలో ఉంది (అది చూసే కొడుక్కి విసుగొచ్చిందేమో!). జనం పిసినారి అన్నారు. నేనైతే సుఖం తెలిసినవాడు అనుకునేవాణ్ణి.

కానీ అదే నిజాం రాజ్యంలో, మా వరంగల్ జిల్లా ఊళ్ళలో, చాకలి కుటుంబాలు గడీల్లో దొరల బట్టలు వెట్టికి ఉతికేవి, పైసా కూలి లేకుండా. వాళ్ళ ఒంటి మీదా పాత బట్టే. 1948లో ఆ రాజ్యం పోయింది.

ఎనభై దాటిన మా తాత ఇస్త్రీ అంగీ లేనిదే గడప దాటడు. నా కాలర్ చూసి, "గంత జీతమొస్తది గదరా, కొత్తది కొనుక్కోరాదు?" అంటాడు. ఆయనకి నా సుఖం ఎట్లా చెప్పాలో ఇప్పటికీ తెలీదు.