చప్పట్లు కొట్టకూడదు

1913 మార్చి 31, వియన్నా. షోన్‌బర్గ్ నడిపిస్తున్న కచేరీలో శిష్యుడు ఆల్బన్ బెర్గ్ పాటల దగ్గరకొచ్చేసరికి నవ్వులు, ఈలలు, చివరికి కొట్లాట. మిగిలిన మాలర్ పాటలు పాడకుండానే కచేరీ ఆగిపోయింది.

1918లో షోన్‌బర్గ్ పెట్టిన సంగీత సంఘం నియమాలు చదువుతుంటే నాకు ఆ రాత్రే గుర్తొస్తుంది. సభ్యులకే ప్రవేశం. ఏం వాయిస్తారో ముందు చెప్పరు. చప్పట్లూ వద్దు, ఈలలూ వద్దు. విమర్శకుల్ని రానివ్వరు (నాలాంటివాళ్లు బయటే!). కొత్త రచన ఒక్కసారికి అర్థం కాదు కాబట్టి మళ్ళీ మళ్ళీ వినిపించేవాళ్లు. ఆర్కెస్ట్రాకి డబ్బుల్లేక పెద్ద రచనల్ని పియానోకి కుదించుకున్నారు.

ఆధునిక సంగీతం జనానికి దూరమైంది ఇలాంటి చోట్లే అంటారు. నేనొప్పుకోను. ముందు తలుపులు మూసింది జనమే కదా.

1921లో ద్రవ్యోల్బణం దెబ్బకి సంఘం మూతపడింది. బెర్గ్ 1935లో పోయాడు, ఆ పాటలన్నీ కలిపి ఒక్కసారి కూడా కచేరీలో వినకుండానే.