కర్ణికా ప్రకంపనం

కర్ణికా ప్రకంపనం గుండె లయకు సంబంధించిన ఒక వ్యాధి. దీనిని ఆంగ్ల వైద్య పరిభాషలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. గుండె పై గదులైన కర్ణికలు క్రమబద్ధంగా ముడుచుకొనుట మాని, నిమిషానికి 350 నుండి 600 సార్లు అస్తవ్యస్తంగా కంపించడం దీని ముఖ్య స్వభావం. చికిత్స అవసరమయ్యే దీర్ఘకాలిక లయ వ్యాధులలో ఇదే అత్యంత సాధారణమైనది. నలభై ఏళ్ళు దాటిన ప్రతి నలుగురిలో ఒకరికి మిగిలిన జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ వ్యాధి రావచ్చునని అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం 2004లో అంచనా వేసింది.

ఈ వ్యాధిలో రోగిని బాధించేది గుండెదడ. ప్రాణానికి ముప్పు తెచ్చేది మాత్రం తరచుగా కర్ణికలో ఏర్పడే రక్తపు గడ్డ. ఈ రెండింటిలో దేనికి ఎంత ప్రాధాన్యం ఇవ్వాలి, ఏ రోగికి ఏ మందు తగును అన్న ప్రశ్నలకు 1980ల నుండి జరిగిన పెద్ద పెద్ద వైద్య పరీక్షలు సమాధానాలు ఇచ్చాయి. వాటిలో కొన్ని వైద్యలోకం అంచనాలను తలక్రిందులు చేశాయి.

వ్యాధి స్వభావం

ఆరోగ్యవంతుల గుండెలో కుడి కర్ణికలో ఉండే సిరాకర్ణికా కణుపు నుండి విద్యుత్ ప్రేరణ పుడుతుంది. అది కర్ణికలంతటా వ్యాపించి, కర్ణికాజఠరికా కణుపు గుండా క్రింది గదులైన జఠరికలకు చేరుతుంది. విశ్రాంతిగా ఉన్న పెద్దలలో ఈ విధంగా గుండె నిమిషానికి 60 నుండి 100 సార్లు కొట్టుకుంటుంది. కర్ణికా ప్రకంపనంలో ఈ ఏకనాయకత్వం పోయి, కర్ణికలలో అనేక చోట్ల ప్రేరణలు పుట్టి ఒకదానితో ఒకటి ఢీకొంటాయి. కర్ణికాజఠరికా కణుపు వాటిలో కొన్నింటినే క్రిందికి పంపుతుంది గనుక జఠరికలు కర్ణికలంత వేగంగా కొట్టుకోవు. కాని వాటి స్పందనకు ఒక క్రమమంటూ ఉండదు. చికిత్స లేని రోగులలో జఠరికల వేగం తరచు నిమిషానికి 100 నుండి 160 వరకు ఉంటుంది.

ఈ వ్యాధి కొందరిలో వచ్చి పోతూ ఉంటుంది. వారం రోజులలోపు దానంతట అదే తగ్గితే దానిని ఆవేశ ప్రకంపనమని, వారం దాటితే నిరంతర ప్రకంపనమని, సహజ లయకు తెచ్చే ప్రయత్నం ఇక మానివేసినప్పుడు శాశ్వత ప్రకంపనమని వ్యవహరిస్తారు.

కారణాలు

వయస్సు పెరగడం, అధిక రక్తపోటు, స్థూలకాయం, మధుమేహం, హృదయ ధమనుల వ్యాధి, గుండె వైఫల్యం, నిద్రలో శ్వాస ఆగుట, థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయుట, అధిక మద్యపానం దీనికి ముఖ్య కారణాలు. గుండె శస్త్రచికిత్స తర్వాత కూడా ఇది తాత్కాలికంగా కలుగవచ్చు.

భారతదేశంలో మరొక ముఖ్య కారణం ఉంది. బాల్యంలో గొంతు నొప్పి తరువాత వచ్చే కీళ్ళవాత జ్వరం వలన ద్విపత్ర కవాటం దెబ్బతిని, సన్నబడి, ఎడమ కర్ణిక ఉబ్బుతుంది. అటువంటి కర్ణికలో ప్రకంపనం చిన్న వయస్సులోనే ఆరంభమవుతుంది. 2014లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో, కర్ణికా ప్రకంపనంతో అత్యవసర విభాగాలకు వచ్చిన ఉత్తర అమెరికా రోగులలో 2.2 శాతం మందికి మాత్రమే కీళ్ళవాత గుండెజబ్బు ఉండగా, భారతీయులలో అది 31.5 శాతం. భారతీయ రోగుల సగటు వయస్సు కూడా ఇతర ప్రాంతాల వారికంటె దాదాపు పదేళ్ళు తక్కువ.

లక్షణాలు, నిర్ధారణ

గుండెదడ, ఆయాసం, నీరసం, తల తిరుగుట, ఛాతీలో అసౌకర్యం సాధారణ లక్షణాలు. అనేకులలో ఏ లక్షణమూ కనిపించదు. పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో చేరిన తర్వాతనే కొందరికి వ్యాధి ఉన్నట్లు తెలుస్తుంది. నాడి చూచినప్పుడు దాని వ్యవధిలోనూ బలంలోనూ ఏ నియమమూ లేకుండా ఉండడం ముఖ్యమైన గుర్తు. నిర్ధారణకు ఇ.సి.జి. తప్పనిసరి. అందులో కర్ణికల సంకోచాన్ని సూచించే పి తరంగాలు ఉండవు, జఠరికల తరంగాల మధ్య దూరాలు అసమానంగా ఉంటాయి. తరువాత కవాటాల స్థితిని, కర్ణిక పరిమాణాన్ని తెలుసుకొనుటకు గుండె స్కానింగు, థైరాయిడ్ పరీక్ష చేస్తారు.

చరిత్ర

ఆంగ్ల వైద్యుడు విలియం విదరింగ్ 1785లో డిజిటాలిస్ మొక్క ఆకులతో ఒంటి నీరు తగ్గుతుందని వివరిస్తూ గ్రంథం ప్రచురించాడు. నేటికీ గుండె వేగాన్ని తగ్గించుటకు వాడే డిజాక్సిన్ ఆ కుటుంబపు మందే. డచ్చి శాస్త్రవేత్త విల్లెమ్ ఐంథోవెన్ 1906లో ఈ వ్యాధిగ్రస్తుల ఇ.సి.జి.ని ప్రచురించాడు. 1909లో లండన్ వైద్యుడు థామస్ లూయిస్, మనుష్యులలో కనిపించే ఈ క్రమరహిత నాడికి కర్ణికల ప్రకంపనమే కారణమని నిరూపించాడు. ఇ.సి.జి. ప్రక్రియను కనుగొన్నందుకు ఐంథోవెన్‌కు 1924లో నోబెల్ బహుమతి లభించింది.

పక్షవాతంతో సంబంధం

కర్ణికలు సరిగా ముడుచుకోనప్పుడు రక్తం నిలువ ఉండి గడ్డకట్టుతుంది. కవాట వ్యాధి లేని రోగులలో ఇటువంటి గడ్డలలో దాదాపు 90 శాతం ఎడమ కర్ణికకు చెవి వలె అంటుకొని ఉండే చిన్న సంచిలోనే ఏర్పడతాయి. గడ్డ విడివడి మెదడు ధమనిని మూసివేస్తే పక్షవాతం వస్తుంది. కర్ణికా ప్రకంపనం ఉన్నవారికి పక్షవాతం వచ్చే అవకాశం లేనివారికంటె సుమారు 5 రెట్లు అధికమని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం తెలిపింది. కీళ్ళవాత కవాట వ్యాధి కూడా తోడైతే ఈ ప్రమాదం సుమారు 17 రెట్లని అదే అధ్యయనం 1978లో పేర్కొన్నది.

అందరు రోగులకూ ఈ ప్రమాదం ఒకే తీరుగా ఉండదు. వయస్సు, గుండె వైఫల్యం, రక్తపోటు, మధుమేహం, పూర్వం వచ్చిన పక్షవాతం, రక్తనాళాల వ్యాధి - వీటికి మార్కులు వేసి, ఎవరికి గడ్డ నిరోధక మందు అవసరమో వైద్యులు నిర్ణయిస్తారు. ద్విపత్ర కవాటం బాగా సన్నబడినవారికి, లోహపు కృత్రిమ కవాటం ఉన్నవారికి ఈ లెక్కతో నిమిత్తం లేకుండానే మందు ఇవ్వాలి.

గడ్డ నిరోధక మందులు

వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా విపణిలోకి వచ్చి, 1954 నుండి మనుష్యుల చికిత్సకు ఉపయోగపడుతున్నది. అనేక పరీక్షల ఫలితాలను కలిపి చూడగా, ఇది పక్షవాతాన్ని మూడింట రెండు వంతుల మేరకు తగ్గిస్తుందని, ఆస్పిరిన్ ప్రయోజనం అయిదో వంతుకు మించదని తేలింది. అయితే వార్ఫరిన్ మోతాదు తగ్గితే గడ్డ, పెరిగితే రక్తస్రావం కలుగుతాయి. అందుచేత ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్షను తరచు చేయించి, ఫలితం సాధారణంగా 2 నుండి 3 మధ్య ఉండునట్లు చూడాలి. పాలకూర, తోటకూర వంటి ఆకుకూరలలోని విటమిన్ కె ఈ మందుకు విరుద్ధంగా పనిచేస్తుంది. ఆకుకూరలు పూర్తిగా మాననవసరం లేదు. వారం వారం ఇంచుమించు ఒకే పరిమాణంలో తినడం మేలు.

2009లో 18,113 మందిపై జరిగిన రి-లై పరీక్షలో డాబిగాట్రాన్ అనే కొత్త మందు, 150 మి.గ్రా. మోతాదులో, వార్ఫరిన్ కంటె పక్షవాతాలను 34 శాతం తగ్గించింది. 2011లో రివరాక్సాబాన్, అపిక్సాబాన్, 2013లో ఎడాక్సాబాన్ పరీక్షల ఫలితాలు వచ్చాయి. మెదడులో రక్తస్రావం ఈ మందులన్నిటితోనూ వార్ఫరిన్ కంటె తక్కువ. వీటికి తరచు ఐ.ఎన్.ఆర్. పరీక్ష అవసరం లేదు. 2011లో వెలువడిన మరొక పరీక్షలో వార్ఫరిన్ వాడలేని రోగులకు ఆస్పిరిన్ బదులు అపిక్సాబాన్ ఇవ్వగా పక్షవాతాలు సగానికి పైగా తగ్గాయి. దీనితో ఈ వ్యాధిలో ఆస్పిరిన్ చాలుననే అభిప్రాయం వీగిపోయింది.

కీళ్ళవాత గుండెజబ్బు: ఇన్విక్టస్ పరీక్ష

పై పెద్ద పరీక్షలలో ద్విపత్ర కవాటం బాగా సన్నబడిన రోగులను చేర్చుకోలేదు. అయినను ఐ.ఎన్.ఆర్. పరీక్షకు నెలనెలా పట్టణానికి రాలేని పేద రోగులకు కొత్త మందులే అనుకూలమని చాలామంది భావించారు. దీనిని తేల్చుటకు ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికాలలోని 24 దేశాలలో ఇన్విక్టస్ అనే పరీక్ష జరిగింది. భారతదేశం కూడా ఇందులో పాల్గొన్నది. కెనడా వైద్యుడు స్టువర్ట్ కానలీతో పాటు ఢిల్లీ ఎయిమ్స్ వైద్యుడు గణేశన్ కార్తికేయన్ దీనికి సారథ్యం వహించాడు. రోగుల సగటు వయస్సు సుమారు 50 ఏళ్ళు. వారిలో 72 శాతం స్త్రీలు.

2022లో వెలువడిన ఫలితం ఎవరూ ఊహించనిది. పక్షవాతం, గుండెపోటు, రక్తనాళ సంబంధమైన మరణం వంటి ఘటనలు రివరాక్సాబాన్ తీసుకొన్న 2,275 మందిలో 560 మందికి, వార్ఫరిన్ వంటి పాత మందులు తీసుకొన్న 2,256 మందిలో 446 మందికి సంభవించాయి. పాత మందుల వర్గంలో మరణాలు తక్కువగా ఉండగా, రక్తస్రావంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పరీక్ష ఆరంభంలో పాత మందుల వర్గంలో మూడో వంతు మందికే ఐ.ఎన్.ఆర్. సరైన పరిధిలో ఉన్నది, తరువాత కూడా అది 56 నుండి 65 శాతం మధ్యనే ఉన్నది. అంటే నియంత్రణ అంతంత మాత్రంగా ఉన్నప్పటికీ పాత మందే మేలు చేసింది. లోహపు కవాటాలు ఉన్నవారిపై డాబిగాట్రాన్‌ను పరీక్షించగా గడ్డలు, రక్తస్రావం రెండూ ఎక్కువై, ఆ పరీక్షను మధ్యలోనే నిలిపివేశారు; 2013లో దాని ఫలితాలు ప్రచురితమయ్యాయి. కనుక ఈ రెండు రకాల రోగులు ఖరీదైన కొత్త మందు మెరుగైనదని తలచి, వైద్యుని సలహా లేకుండా మందు మార్చుకొనుట ప్రమాదకరం.

లయ నియంత్రణ, వేగ నియంత్రణ

గుండెను తిరిగి సహజ లయకు తెచ్చుట లయ నియంత్రణ. ప్రకంపనాన్ని అలాగే ఉంచి, జఠరికల వేగాన్ని మాత్రం బీటా బ్లాకర్లు, డిల్టియాజెమ్, డిజాక్సిన్ వంటి మందులతో తగ్గించుట వేగ నియంత్రణ. లయ సరిపడితే ఆయుస్సు పెరుగుతుందని మొదట అందరూ నమ్మారు.

ఈ నమ్మకానికి మొదటి దెబ్బ వేరొక లయ వ్యాధిలో తగిలింది. గుండెపోటు తర్వాత జఠరికలలో వచ్చే అదనపు స్పందనలను ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ మందులు చక్కగా అణచివేసేవి. కాని కాస్ట్ అనే పరీక్షలో ఆ మందులు తీసుకొన్నవారిలో 63 మంది, ఉత్తుత్తి మాత్రలు తీసుకొన్నవారిలో 26 మంది మరణించినట్లు 1991లో వెల్లడయింది. రెండు వర్గాలలోనూ ఇంచుమించు 750 మంది చొప్పున ఉన్నారు. ఇ.సి.జి. బాగుపడినంత మాత్రాన రోగి బాగుపడినట్లు కాదని దీనితో స్పష్టమయింది. 2002లో 4,060 మందిపై జరిగిన అఫర్మ్ పరీక్షలో కర్ణికా ప్రకంపనానికి లయ నియంత్రణ చేసినా, వేగ నియంత్రణ చేసినా ఆయుర్దాయంలో తేడా కనిపించలేదు. సహజ లయ వచ్చిందని గడ్డ నిరోధక మందు మానివేసిన వారికి పక్షవాతాలు రావడం అందులోని ముఖ్యమైన పాఠం.

2020లో ఈ అభిప్రాయం మళ్ళీ కొంత మారింది. యూరప్‌లో 2,789 మందిపై జరిగిన ఈస్ట్ పరీక్షలో, వ్యాధి బయటపడిన ఏడాదిలోపే లయ నియంత్రణ మొదలుపెట్టగా, గుండె, రక్తనాళాల సంబంధమైన మరణం, పక్షవాతం వంటి ఘటనలు ఏడాదికి నూటికి 5.0 నుండి 3.9కి తగ్గాయి. ఈ పరీక్షలో చాలామంది రోగులు గడ్డ నిరోధక మందు కూడా తీసుకొంటూ ఉన్నారు.

కెథీటర్ అబ్లేషన్

ఫ్రాన్సులోని బోర్డో నగరానికి చెందిన మిషెల్ హైసగేర్ బృందం 1998లో 45 మంది రోగులను పరిశీలించి, ప్రకంపనాన్ని ఆరంభించే ప్రేరణలలో 94 శాతం పుపుస సిరలలోనే పుట్టుచున్నవని కనుగొన్నది. తొడ వద్ద సిర గుండా సన్నని గొట్టం పంపి, ఆ సిరల చుట్టూ కణజాలాన్ని వేడితో గాని, అతిశీతలంతో గాని నిర్వీర్యం చేయడమే అబ్లేషన్. ఇటీవల విద్యుత్ స్పందనలతో చేసే పద్ధతి కూడా వాడుకలోకి వచ్చింది. గుండె వైఫల్యం కూడా ఉన్న 363 మందిపై జరిగిన కాజిల్ పరీక్షలో (2018), మరణం లేదా ఆసుపత్రిలో చేరుట 44.6 శాతం నుండి 28.5 శాతానికి తగ్గింది. సామాన్య రోగులపై జరిగిన కబానా పరీక్షలో (2019) జీవన నాణ్యత మెరుగుపడినది గాని, మరణాలు నిశ్చయంగా తగ్గినట్లు రుజువు కాలేదు.

లక్షణాలు లేనివారిలో గుర్తింపు

చేతి గడియారాలు, శరీరంలో అమర్చే చిన్న పరికరాలు నేడు ప్రకంపనాన్ని పసిగట్టగలవు. డెన్మార్క్‌లో 70 ఏళ్ళు దాటిన 6,004 మందిపై జరిగిన పరీక్షలో (2021) పరికరం అమర్చినవారిలో 31.8 శాతం మందికి, మిగిలినవారిలో 12.2 శాతం మందికి వ్యాధి బయటపడింది. అయినను పక్షవాతాలు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. కొద్ది నిమిషాలు, గంటలు మాత్రమే వచ్చిపోయే ప్రకంపనానికి మందు వాడితే పక్షవాతం కొంత తగ్గినా రక్తస్రావం పెరుగుతుందని 2023 నాటి పరీక్షలు సూచించాయి. వ్యాధిని ఎక్కువగా కనుగొనడమూ ఎక్కువ మందిని రక్షించడమూ ఒకటి కాదు.

నివారణ

రక్తపోటును అదుపులో ఉంచుకొనుట, బరువు తగ్గుట, మద్యం మానుట ముఖ్యమైనవి. ఆస్ట్రేలియాలో 140 మంది మద్యపాన అలవాటున్న రోగులపై జరిగిన పరీక్షలో (2020), మద్యం మానిన వర్గంలో 53 శాతం మందికి, మానని వర్గంలో 73 శాతం మందికి ప్రకంపనం తిరిగి వచ్చింది. పిల్లలలో గొంతు నొప్పికి సకాలంలో చికిత్స చేయించుట, కీళ్ళవాత జ్వరం ఒకసారి వచ్చినవారికి పెనిసిలిన్ ఇంజెక్షన్లు క్రమం తప్పకుండా ఇప్పించుట వలన కవాటాలు దెబ్బతినకుండా కాపాడవచ్చు. భారతదేశంలో చిన్న వయస్సులో వచ్చే కర్ణికా ప్రకంపనంలో గణనీయమైన భాగాన్ని ఈ విధంగా మూలంలోనే అరికట్టవచ్చు.

ఇవి కూడా చూడండి

గుండె
పక్షవాతం
కీళ్ళవాత జ్వరం
రక్తపోటు